విస్తళ్లు తగ్గించకండి, పూటలు తగ్గించండి

కోనసీమలోని మురమళ్లలో రోజూ పెళ్లే. వృద్ధగౌతమి ఒడ్డున ఉన్న భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి గుడిలో మూఢం చూడరు, ఆషాఢం చూడరు. ఏడాది పొడవునా స్వామికి నిత్యకల్యాణం జరుగుతూనే ఉంటుంది. ఈడొచ్చినా సంబంధం కుదరని పిల్లల కోసం తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గోత్రనామాలు చెప్పించుకుని, ఆ కల్యాణం చేయించుకుని వెళతారు. కాసేపు అక్కడ కూర్చుని చూస్తే పెళ్లికి నిజంగా ఏం కావాలో తెలుస్తుంది. మంగళసూత్రం, తలంబ్రాలు, రెండు దండలు, కొబ్బరికాయలు, మంత్రం, మేళం, చుట్టూ మనసారా చూసే జనం. అంతే. లోకానికి తల్లిదండ్రులైనవాళ్ల పెళ్లికి ఇంతకు మించి అక్కర్లేకపోయింది.

అక్కడ మొక్కుకుని ఇంటికి వెళ్లాక సంబంధం కుదురుతుంది. కుదిరిన వారానికే ఆ ఇంట్లో కాగితం, కలం బయటికొస్తాయి. నిశ్చితార్థానికి హాలు. పెళ్లికూతుర్ని చేసే రోజు భోజనాలు. పసుపు స్నానం ఇప్పుడు హల్దీ అయింది కాబట్టి దానికో పసుపుపచ్చ స్టేజీ, అందరికీ ఒకే రంగు బట్టలు. మెహందీకి ఒక సాయంత్రం, సంగీత్‌కి ఒక రాత్రి. పెళ్లికి ఫంక్షన్ హాలు, స్టేజి పూలు, బ్యాండు, ఫోటో, వీడియో, పైనుంచి తీసే డ్రోను. మర్నాడు మగపెళ్లివారి ఊళ్లో రిసెప్షన్. ఆ తర్వాత సత్యనారాయణ వ్రతం, దానికి మళ్లీ భోజనాలు. కాగితం ఒకవైపు నిండి రెండోవైపు తిరిగేసరికి ఇంటాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టేస్తాడు.

ఆ కాగితం మీది అంకె ఎక్కణ్నుంచి వస్తుందో కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు. కొబ్బరితోట ఉన్నవాళ్లకు రెండు నెలలకోసారి కాయల దింపు డబ్బు వస్తుంది. అది కూడా అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఎలా ఉందన్నదాన్ని బట్టే. వరి చేసేవాళ్లకు సార్వా, దాళ్వా అని రెండు పంటలు. ఆ వరి కూడా గిట్టక 2011లో ఇక్కడి రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. పొలం లేనివాళ్లకు రెక్కల కష్టమే ఆధారం. దింపు కార్మికుడికీ, వలుపు కార్మికుడికీ, కూలికెళ్లే ఆడమనిషికీ చేతిలో లక్ష రూపాయలు ఒక్కచోట కనిపించేది పెళ్లి కోసం అప్పు తెచ్చినప్పుడే. అయిదు లక్షలు రెండ్రూపాయల వడ్డీకి తెస్తే నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది.

ఆ వడ్డీ కట్టడానికే కొందరు తల్లులు కువైట్ వెళ్లారు, మస్కట్ వెళ్లారు, దుబాయ్ వెళ్లారు. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో వీధికి ఒకరైనా అలా పరాయి దేశంలో ఇంటిపని చేసి వచ్చినవాళ్లు కనిపిస్తారు. కూతురి పెళ్లికి డబ్బు పంపగలిగి, ఆ పెళ్లికి రాలేకపోయిన తల్లి బాధ ఏ లెక్కలోకీ ఎక్కదు. ఖర్చు తగ్గించుకోవడం అంటే ఏదో పొదుపు చిట్కా అనుకునేవాళ్లకు నేను ముందుగా ఈ తల్లుల సంగతే చెబుతాను. పెళ్లి ఖర్చు ఇంటిపరువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఇంట్లో మనిషి ఇంట్లో ఉంటుందా, సముద్రం దాటి వెళుతుందా అన్నది దాన్ని బట్టే తేలుతోంది.

అయితే తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ ముందుగా కత్తెర పట్టుకునేది పిలుపుల జాబితా మీద. "ఆ వీధివాళ్లను వదిలేద్దాం, ఆ దూరపు చుట్టాలకు ఫోన్లో చెప్పి ఊరుకుందాం" అంటారు. నేను సరిగ్గా దానికే ఒప్పుకోను. కోనసీమలో పెళ్లి అంటే ఊరు కదలాలి. పిలవని ఇంటివాళ్లు పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు, పిలవనందుకు మనమూ పదేళ్లు తలదించుకుని నడుస్తాం. తగ్గించాల్సినవి విస్తళ్లు కావు, పూటలు.

ఒక లెక్క వేసి చూద్దాం. ప్లేటు 300 రూపాయలనుకుందాం. నిశ్చితార్థానికి 200 మంది, పెళ్లికూతుర్ని చేసిననాడు 150 మంది, పెళ్లికి 500 మంది, రిసెప్షన్‌కి 500 మంది, వ్రతానికి 150 మంది. మొత్తం 1,500 విస్తళ్లు, నాలుగున్నర లక్షలు. ఇందులో వచ్చిన మనుషులు మాత్రం 1,500 మంది కాదు. ఆ అయిదువందల మందే తిరిగి తిరిగి వచ్చారు. మేనత్త అయిదు చోట్లా భోంచేసింది, ఆవిడకు అయిదుసార్లు చీర మార్చుకునే శ్రమ తప్ప ఒరిగిందేం లేదు. అదే తాంబూలాలు ఇంట్లోనే పుచ్చుకుని, రెండువైపులవాళ్లూ కలిసి పెళ్లి పూటే 500 మందికి కడుపునిండా పెట్టి, పెళ్లికూతుర్ని చేసిననాడు 60 మంది, వ్రతానికి 40 మంది ఇంటి చుట్టాలతో సరిపెడితే 600 విస్తళ్లు, లక్షా ఎనభై వేలు. పిలవాల్సినవాళ్లలో ఒక్కరూ తగ్గలేదు. రెండు లక్షల డెబ్భై వేలు మిగిలాయి.

మనుషుల్ని తగ్గిస్తే ఎలా ఉంటుందో 2020లో చూశాం. కోవిడ్ రోజుల్లో పెళ్లికి యాభై మందికి మించకూడదని కేంద్రం ఆంక్ష పెట్టింది. ఖర్చు నిజంగానే తగ్గింది. అరుగుల మీదా, పెరళ్లలోనూ పెళ్లిళ్లయిపోయాయి. అయినా ఆ పెళ్లిళ్లను తల్చుకునేవాళ్లు తగ్గిన ఖర్చు గురించి చెప్పరు, రాలేకపోయిన పిన్ని గురించి, అక్షతలు వెయ్యలేకపోయిన తాతగారి గురించి చెబుతారు. సంగీత్ లేదని, రెండో స్టేజి లేదని బాధపడ్డవాళ్లు నాకు తగల్లేదు. ఆంక్ష తీసేయగానే జనం మళ్లీ పెద్ద పెళ్లిళ్లకు ఎగబడ్డారంటే దానికి కారణం ఆడంబరం ఒక్కటే కాదు. ఊరికి అన్నం పెట్టుకోలేకపోయామన్న వెలితి కూడా ఉంది.

ఈ వెలితి మన ఒక్కరిదే కాదు. దక్షిణ కొరియాలో 1973లో ఇంటి వేడుకల ఆడంబరాన్ని అరికట్టడానికి ప్రభుత్వం ఏకంగా చట్టమే చేసింది. అచ్చేసిన శుభలేఖలు పంచకూడదు, వచ్చినవాళ్లకు విందు పెట్టకూడదు అంది. పెళ్లికొచ్చినవాళ్లు కవర్లో డబ్బు పెట్టి ఇస్తే ఆ ఇంటివాళ్లు పేరుపేరునా రాసుకుని, వాళ్లింట్లో పెళ్లయినప్పుడు తిరిగిచ్చే ఆచారం అక్కడా ఉంది. అలాంటి దేశంలో వచ్చినవాళ్లకు అన్నం పెట్టొద్దంటే ఎవరు వింటారు? పాతికేళ్ల తర్వాత, 1998లో, పెళ్లికొచ్చిన అతిథులకు భోజనం పెట్టడాన్ని నిషేధించడం చెల్లదని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే తీర్పునిచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి పెట్టడం దగ్గర పొదుపు మొదలుపెడితే ఏ చట్టమూ నిలబడదు, ఏ సంస్కరణా నిలబడదు.

పూటలు తగ్గడానికి ఒక తేలిక దారి ముహూర్తంలోనే ఉంది. గోదావరి జిల్లాల్లో అర్ధరాత్రి ముహూర్తాలు ఎక్కువ. రాత్రి పెళ్లికి సాయంత్రం ఎదుర్కోలు దగ్గర టిఫిన్లు, రాత్రి భోజనాలు, తెల్లవార్లూ కాఫీలు, పొద్దున్నే మళ్లీ ఫలహారాలు, వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం అన్నం. లైట్లు, జనరేటరు, పడుకోడానికి గదులు అదనం. పగటి ముహూర్తమైతే దాదాపు ఒక్క భోజనంతో పోతుంది. దూరం నుంచి వచ్చినవాళ్లు కూడా చీకటిపడేలోగా ఇళ్లకు చేరతారు. పురోహితుణ్ని ముందే అడిగితే మాఘంలోనో, వైశాఖంలోనో పగటి లగ్నం చూసి చెబుతారు. పెద్దవాళ్లు ముహూర్తాలు పెట్టుకునేటప్పుడు చేను కూడా చూసుకునేవాళ్లు. సార్వా నూర్పిళ్లయ్యాక మాఘం, దాళ్వా కోతలయ్యాక వైశాఖం. గాదెలో ధాన్యం ఉన్నప్పుడే పందిరి వేసేవారు. ఇప్పుడు ఫంక్షన్ హాలు ఖాళీని బట్టి ముహూర్తం పెట్టుకుంటున్నాం. ఆ రోజుకు చేతిలో డబ్బుందా లేదా అన్నది తర్వాతి మాట.

హాలు మానేసి ఇంటిముందు పందిరి వేసుకోగలిగితే ఖర్చులో ఒక పెద్ద పద్దు పోతుంది. ఇందుకు కోనసీమకున్న వసతి ఇంకో సీమకు లేదు. పచ్చి కొబ్బరాకును మట్ట మధ్య నుంచి నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగాన్ని నేల మీద పరిచి, ఒక ఆకును కింది నుంచి, పక్క ఆకును పైనుంచి తీస్తూ చివరంటా అల్లుకుంటూ పోతారు. అలవాటున్న ఆడవాళ్ల చేతుల్లో మాట్లాడుకుంటుండగానే తడిక తయారవుతుంది. సముద్రం వైపు ఊళ్ల నుంచి తెచ్చిన సరుగుడు వాసాలు గుంజలుగా పాతి, అడ్డవాసాలు వేసి, కొబ్బరితాడుతో బిగించి, పైన ఈ తడికలు పరిస్తే మే నెల ఎండలో కూడా కింద చల్లగా ఉంటుంది. రాట వేసిన నాటి నుంచి గుంజలకు అరటిబోదెలు, గుమ్మానికి మామిడాకులు. పచ్చి కొబ్బరాకు వాసనా, తడిసిన మట్టి వాసనా కలిస్తేనే పెళ్లిల్లు అనిపిస్తుంది నాకు. ఏసీ హాలు తలుపు తీస్తే ఆ వాసన రాదు. ఆ పందిరి వేసేవాళ్లు కూడా కిరాయి మనుషులు కారు. పిల్లకు బాబాయిలు, అన్నలు, ఎదురింటి కుర్రాళ్లు. వాళ్లకు కూలి ఇవ్వరు, వాళ్లింట పని పడినప్పుడు మనం వెళతాం.

వంట దగ్గరా ఇదే సంగతి. కేటరింగ్‌వాళ్లకు ప్లేటు లెక్కన ఒప్పుకుంటే రానివాళ్ల విస్తరికి కూడా డబ్బు కట్టాల్సిందే. వంట మేస్త్రిని పెట్టుకుంటే ఆయన సరుకుల చీటీ రాసిస్తాడు. బియ్యం, పప్పు, నూనె, నెయ్యి మనం తెచ్చుకుంటాం. పెరట్లో కంద, బచ్చలి, అరటికాయలు, గుమ్మడికాయ, కొబ్బరి ఉండనే ఉంటాయి. పక్క ఖాళీస్థలంలో గాడిపొయ్యి తవ్వి, సప్లై కంపెనీ నుంచి డేగిసాలు, గంగాళాలు తెస్తే మిగిలింది మనుషుల పని. మాఘం నుంచి వైశాఖం దాకా పచ్చి పనసకాయ దొరికే రోజులు. చేతులకూ కత్తికీ నూనె రాసుకుని, కాయ చెక్కేసి, నలుగురు కూర్చుని పొట్టు కొడుతుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. ఉడికించి, నీళ్లు పిండి, ఇంగువా ఎండుమిరపకాయల పోపులో వేసి, చింతపండు పులుసు పట్టించి, దించిన తర్వాతే ఆవ కలుపుతారు. పొయ్యి మీద ఉండగానే ఆవ కలిపితే చేదెక్కుతుంది. పనసపొట్టు కూర, కంద బచ్చలి, మామిడికాయ పప్పు, పులిహోర, నెయ్యి పోసిన బూరె, ముక్కల పులుసు, గడ్డపెరుగు. ఇంతకన్నా మంచి పెళ్లి భోజనం ఉందని నేననుకోను. పేర్లు పలకడం రాని ముప్ఫై రకాలు పెట్టి, తినలేక విస్తరిలో వదిలేసినదాన్ని ఎత్తిపోస్తుంటే అన్నం పండించిన సీమకు అది తగని పని అనిపిస్తుంది.

చర్చిలో పెళ్లయినా లెక్క మారదు. కోనసీమలో క్రైస్తవ కుటుంబాలూ చాలా ఉన్నాయి. ప్రార్థన, ప్రమాణాలు ముగిశాక అదే ఆవరణలో కొబ్బరాకు పందిరి కింద విందు పెట్టి ఆ పూటతో ముగించినవాళ్లున్నారు. నిఖా అయ్యాక వలీమా ఒక్కటే ఇంటి దగ్గర పెట్టుకునే ముస్లిం ఇళ్లున్నాయి. ఏ మతం పుస్తకమూ రెండో స్టేజి అడగలేదు.

పెళ్లికి కావలసిన సామగ్రి అంతా మనకు చేతికందే దూరంలోనే ఉంది. అరటిగెలలకు రావులపాలెం మార్కెట్టు, బంతి చామంతులకు గోదావరి దాటితే కడియపులంక, కొబ్బరికి అంబాజీపేట, ఆడపిల్ల వెంట పంపే మిఠాయికి ఆత్రేయపురం పూతరేకులు. స్టేజి వెనక పెట్టే దూరదేశపు పూలు మర్నాడు పొద్దునకల్లా చెత్తకుప్పలో ఉంటాయి. తోటలోంచి కోసుకొచ్చిన అరటిబోదెలు పెళ్లయ్యాక పశువులకు మేతగానైనా పనికొస్తాయి. మేనమామ గంపలో కూర్చోబెట్టి తెచ్చే పెళ్లికూతురికి, ఆమె చేతిలో ఉంచే కొబ్బరి బొండానికి, మధ్యన పట్టే అడ్డుతెరకు ఏ డెకరేషనూ సాటిరాదు. ఆ బొండానికి రంగులు అద్ది, పూసలు కుట్టే పని ఇంట్లో ఆడపిల్లలకు అప్పగించి చూడండి, ఎంత ముచ్చటగా చేస్తారో.

పెట్టుబడి బట్టల సంగతి కూడా తేల్చుకోవాలి. వచ్చిన ప్రతి చుట్టానికీ చీరో, పంచెల చాపో పెట్టడం మర్యాదే. కానీ ఆ చీరల్లో చాలా భాగం కట్టుకోవడానికి కాక, ఇంకో పెళ్లిలో ఇంకొకరికి పెట్టడానికే బీరువాలో ఉంటున్నాయి. ఇద్దరు వియ్యపురాళ్లు కూర్చుని "మేనత్తలకు, మేనమామ భార్యలకు, ఆడపడుచులకు మాత్రమే" అని గీత గీసుకుంటే సగం తగ్గుతుంది. ఆ పెట్టేవి కూడా అమలాపురం పక్కనే ఉన్న బండారులంక నేత చీరలో, మోరి నేత చీరలో అయితే కట్టుకున్నవాళ్లకు హాయి, నేసినవాళ్ల ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

బంగారం గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. 2025లో పదిగ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. కాసంటే 8 గ్రాములు. అంటే ఒక పేద కుటుంబం అయిదు కాసులు పెట్టాలంటే బంగారానికే నాలుగు లక్షలకు పైగా అప్పు చెయ్యాలి. తాళికి కావలసింది పుట్టింటి పుస్తె ఒకటి, అత్తింటి పుస్తె ఒకటి, నల్లపూసలు, పసుపుతాడు. మిగతా నగలు ఆ ఇద్దరూ సంపాదించుకుని, దింపు బాగున్న ఏడు ఒకటి, పంట బాగున్న ఏడు ఒకటి చేయించుకుంటే ఆ నగల మీద వాళ్ల కష్టం ఉంటుంది. అప్పు చేసి పెట్టిన నగ ఏడాది తిరక్కుండా బ్యాంకు తాకట్టులోకి వెళుతుందని మనందరికీ తెలుసు.

చదివింపుల గురించి చెప్పకుండా కోనసీమ పెళ్లి ఖర్చు గురించి మాట్లాడలేం. భోజనాల నుంచి బయటికొచ్చే దారిలో ఒక బల్ల, దాని మీద స్టీలు పళ్లెం, నాలుగు మూలలా పసుపు రాసిన నోటుబుక్కు. అక్షరం గుండ్రంగా ఉన్నవాడు రాస్తాడు, నమ్మకస్థుడైన పెద్దమనిషి డబ్బు లెక్కపెడతాడు. ఇంటిపేరు, పేరు, ఊరు, నూటపదహార్లో అయిదువందల పదహార్లో. కొన్నాళ్ల కిందటి దాకా మైకులో పేరుపేరునా చదివేవారు. ఇప్పుడు రూపాయి బిళ్ల అంటించిన కవర్లు వచ్చాయి గానీ పుస్తకం మాత్రం పోలేదు. అది ఆ ఇంట్లో ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. ఇచ్చినవాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు ఆ పేజీ తిరగేసి, అంతకు కొంచెం కలిపి చదివిస్తారు. వడ్డీ లేని అప్పు ఇది, ప్రామిసరీ నోటు లేని అప్పు. ఇంటి దగ్గర పెళ్లి చేసుకుని ఒక్కపూట భోజనం పెట్టిన ఇంటికి ఈ చదివింపులు ఖర్చులో చాలా భాగానికి ఆసరా అవుతాయి. అయిదు పూటల పెళ్లికి అవి బ్యాండువాళ్లకే సరిపోతాయి. దగ్గరి చుట్టాలు డబ్బు కాకుండా పద్దులు పంచుకుంటే ఇంకా మంచిది. బియ్యం పెద్దమేనమామవి, పూలు బాబాయివి, మేళం అన్నయ్యది. ఇచ్చేవాళ్లకు తృప్తి, పుచ్చుకునేవాళ్లకు నామోషీ లేదు.

ఇంటి దగ్గర స్థలం లేనివాళ్లకు దేవస్థానాలున్నాయి. అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, వాడపల్లి, ఎవరి ఇలవేల్పు సన్నిధిలో వాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. అన్నవరం కొండ మీద పెళ్లి చేసుకుంటే కొత్త దంపతులు ఎలాగూ చెయ్యాల్సిన సత్యనారాయణ వ్రతం కూడా అక్కడే అయిపోతుంది, ఒక పూట కలిసొస్తుంది. తిరుమలలో 2016 నుంచి తితిదే కల్యాణవేదికలో ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమలు, కంకణాలు దేవస్థానానివే. అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండి ఉండాలి, తల్లిదండ్రులు దగ్గరుండాలి, ముందుగా ఆన్‌లైన్లో పేరు రాయించుకోవాలి. కొండ మీద పెళ్లి చేసుకుని ఊరికొచ్చి, బంధువులకు ఇంటి దగ్గర ఒక్కపూట అన్నం పెట్టినవాళ్లను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

తెలుగునాట ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్లి మంత్రాలు అందరికీ అర్థం కావాలని తెలుగులో 'వివాహ విధి' రాశారు. 1948 మార్చి 13న సేవాగ్రామ్‌లో నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కూతురు మనోరమకు అర్జునరావుతో పెళ్లి జరిగింది. కులం గీత చెరిపేసిన ఆ పెళ్లిని ఆశ్రమంలో జరిపించడానికి ఒప్పుకున్న గాంధీజీ అప్పటికి ఆరువారాల కిందటే కన్నుమూశారు. అయినా అనుకున్నచోటే, అనుకున్నంత నిరాడంబరంగా జరిగింది. అలాంటి నిరాడంబర పెళ్లిళ్లు ఎవర్నీ అప్పులపాలు చెయ్యవు. ఇక వరకట్నం మీద కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకం రాసి నూరేళ్లు దాటింది. 1939లో అది సినిమాగా వచ్చింది, భానుమతి మొదటి సినిమా అదే. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అప్పటి నుంచి కట్నం పేరు మార్చుకుంది గానీ ఊరు విడిచి పోలేదు. ఇప్పుడు అది "పెళ్లి మాత్రం ఘనంగా చెయ్యండి చాలు" అన్న మాటలో దాక్కుంది.

ఆ మాట దగ్గరే అసలు ముడి ఉంది. ఆడపెళ్లివారు ఎప్పటికీ "తగ్గిద్దాం" అనలేరు. అంటే పిల్లకు అత్తింట్లో మాట పడుతుందని భయం. 2021 ఆషాఢంలో రాజమండ్రి నుంచి యానాంలోని అల్లుడింటికి వెయ్యి కిలోల చేపలు, వెయ్యి కిలోల కూరగాయలు, మేకపోతులు, కోళ్లతో లారీల మీద సారె వెళ్లిందని దేశమంతా చెప్పుకుంది. కలిగిన తండ్రి మురిపెంగా పంపుకున్నాడు, ఆయన ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఆ వార్త చదివిన ఊళ్లలో, నాలుగు బిందెల పానకం, రెండు కావిళ్ల మిఠాయి పంపడానికే తడుముకునే తండ్రి మీద ఎంత బరువు పడిందో కూడా తల్చుకోవాలి. ఆ బరువు దించగలిగినవాళ్లు మగపెళ్లివారొక్కరే.

దించినవాళ్లను నేను కళ్లారా చూశాను. కొత్తపేట వైపు ఒక ఇంట్లో పెళ్లి మాటలు. మంచినీళ్లు, కాఫీలు అయ్యాయి. అమ్మాయి తండ్రి గొంతు సవరించుకుని, "హాలు ఏది బుక్ చెయ్యమంటారో సెలవిస్తే, బావగారూ..." అన్నాడు. అబ్బాయి తండ్రి జవాబిచ్చేలోపే అబ్బాయి తల్లి అమ్మాయి తల్లి వైపు తిరిగి, "వదినగారూ, హాలెందుకండి? మీ ఇంటిముందు అంత చోటుంది. పగటి ముహూర్తం పెట్టిద్దాం. మావాళ్లందరం ఇక్కడికే వచ్చి భోంచేస్తాం. రిసెప్షన్ మేం పెట్టట్లేదండి, ఆ ఖర్చు ఇద్దరం ఈ భోజనంలోనే చెరిసగం వేసుకుందాం" అంది. "అయ్యో, మీవైపు చుట్టాలు ఏవన్నా అనుకుంటారేమోనండి" అంది అమ్మాయి తల్లి. "అనుకుంటే నన్ను అనుకుంటారండి, ఆయ్. నా కోడలు అప్పు మోసుకుంటూ నా గడప తొక్కకూడదు" అంది ఆవిడ. అబ్బాయి తండ్రి తల ఊపి, "మరేనండి, బావగారూ" అన్నాడు. అమ్మాయి తండ్రి కండువాతో ముఖం తుడుచుకోవడం చూసినవాళ్లెవరూ పెళ్లి ఖర్చు గురించి ఇంకోలా మాట్లాడలేరు. ఆ పెళ్లికి ఊరంతా వచ్చింది. పనసపొట్టు కూర మారు వడ్డించమని అడిగి తిన్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

కాబట్టి ఈ మాట చెప్పాల్సింది మగపిల్లల తల్లిదండ్రులకు, ఇంకా ముఖ్యంగా పెళ్లికొడుకులకు. ఆడపెళ్లివారు అడిగే దాకా ఆగకండి, వాళ్లు అడగరు. తాంబూలాలకు ముందే మూడు మాటలు మీ నోటితో మీరే అనండి: భోజనం ఒక్కపూట, పగటి ముహూర్తం, ఖర్చు చెరిసగం. అలా అన్నందుకు మీ ఇంటికి తగ్గేది ఏమీ లేదు. కొత్త కాపురం పెట్టాక వచ్చే తొలి దింపు డబ్బు వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా మీ కొడుకూ కోడలూ ఇల్లు సర్దుకోవడానికి ఖర్చవుతుంది. వియ్యపురాలు ఏ ఎడారి దేశానికో వెళ్లకుండా మీ పక్క ఊళ్లోనే ఉండి, పండక్కి అల్లుడికీ కూతురికీ తన చేత్తో వండి పెట్టి పంపుతుంది.